పాపాయమ్మ ఎప్పుడు తింటుంది?

“ఆవిడ ఎప్పుడు తింటుందండి?”

సభకు నమస్కారమైనా పెట్టకుండా ప్రశ్నతో మొదలుపెట్టినందుకు పెద్దలు మన్నించాలి. ఈ ప్రశ్న నాది కాదు. ఇవాళ మనం శాలువా కప్పబోతున్న ఉమాశ్రీ, ఉద్యోగం కోసం మా ఆఫీసుకి వచ్చిన మొదటి రోజున నన్ను అడిగింది. అప్పటినుంచీ దాన్ని వెంటబెట్టుకుని తిరుగుతున్నాను. ఇవాళ ఈ మైకు ముందు దించుకోకపోతే ఇంకెక్కడా దించుకోలేనేమో అనిపించి, వరస తప్పాను.

ఇప్పుడు వరసలోకి వస్తాను. సభకు అధ్యక్షత వహిస్తున్న, మా కంపెనీ యజమాని భాస్కరం గారికి, ముఖ్య అతిథిగా కడియం నుంచి వచ్చిన చంద్రరావు గారికి, నరసాపురం నుంచి తెల్లవారుజామునే బయల్దేరి వచ్చి ముందు వరసలో కూర్చున్న ఉమాశ్రీ తల్లిగారు నాగేశ్వరి గారికి, మా డేనియల్‌కీ, బొమ్మలు గీసే వీరవేణికీ, వెనక కుర్చీల్లో ఇప్పటికీ ఫోన్లలో మా ఆటే ఆడుకుంటున్న పిల్లలకీ, అందరికీ నమస్కారం. (నవ్వులు) ఆడుకోండి నాన్నా, నేనేమీ అనుకోను. మీరు ఆడుతున్నది రెండో భాగమేనని మాత్రం ఇక్కణ్ణుంచే తెలుస్తోంది, ఆ సంగీతం వినిపిస్తోందిగా.

మా ఆట సంగతి తెలియని పెద్దవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి రెండు మాటలు చెబుతాను. దాని పేరు ‘ఏడు లంకలు’. గోదారికి వరద వస్తోందని తెలిసి, ఒక కుర్రాడు పంటు, అదే రేవు దాటించే పడవ, వేసుకుని ఏటి మధ్య ఉన్న ఏడు లంకలకూ వెళ్ళి, ఇంటింటికీ తిరిగి, మనుషుల్ని ఒప్పించి గట్టుకి తీసుకురావాలి. ఆ కుర్రాడు మీరే. ఏం మాట్లాడాలో, ఎవరి మాట వినాలో మీరే ఎంచుకుంటారు, మీ ఎంపికను బట్టి కథ మారుతుంది. మొదటి భాగం కథ నేను రాశాను. రెండో భాగం ఉమాశ్రీ రాసింది. మొదటిదాన్ని కొంతమంది మెచ్చుకున్నారు. రెండోదాన్ని అందరూ ఆడారు. ఈ రెండు వాక్యాల మధ్య ఎంత దూరం ఉందో నాకు తెలిసినంతగా ఈ హాల్లో ఎవరికీ తెలియదు.

మొదటి భాగంలో మేము చేసిన ఒక పొరపాటు చెప్పాలి. అది మన జిల్లాల వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు. ఆట అంతా తయారయ్యాక, తప్పులు పట్టడానికి పూణేలో ఒక కంపెనీకి పంపించాం. వాళ్ళు వారానికి జవాబు రాశారు: మీ హీరో ఇళ్ళలో ఇరుక్కుపోతున్నాడు, ప్రతి ఇంట్లోనూ భోజనం పెడుతున్నారు, వద్దనడానికి దారే లేదు, కడుపు నిండేకొద్దీ నడక నెమ్మదిస్తోంది, నాలుగిళ్ళు తిరిగేసరికి రేవు దగ్గరే నిద్రపోతున్నాడు, పంటు వెళ్ళిపోతోంది అని. (నవ్వులు) మేమంతా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. అన్నాళ్ళు ఆ ఆటని పొద్దస్తమానం ఆడినవాళ్ళం, మాలో ఒక్కరికీ అది తప్పుగా కనపడలేదు.

“ఆప్షన్ ఇవ్వాలి కదండీ మేడం, వద్దు అనడానికి” అన్నాడు డేనియల్. ఆటకి ప్రాణం పోసే ప్రోగ్రామంతా అతనిదే.

“ఇంటికొచ్చినవాడు వద్దంటే ఎలా కుదురుతుందయ్యా?” అన్నారు భాస్కరం గారు, నిజంగానే అర్థం కాక.

అన్నారా లేదా సార్? (నవ్వులు) తల ఊపుతున్నారు. నేను భాస్కరం గారి పక్షం చేరాను. మన దగ్గర విస్తరి ముందు వద్దు అనే మాటకి చోటు లేదు, ఉన్నట్టు రాస్తే అబద్ధమవుతుంది అని వాదించి గెలిచాను. ఆ ఆటకి బయట రాష్ట్రాల్లో ‘భోజనాల ఆట’ అని పేరొచ్చింది. అప్పట్లో ఆ పేరు నాకు మహా ఇష్టంగా ఉండేది.

ఇక పాపాయమ్మ. ఏడో లంకలో చివరి ఇల్లు ఆవిడది. కంద బచ్చలి కూరా, గుమ్మడికాయ పులుసూ, మీగడ పెరుగూ పెట్టి, మారు వడ్డించి, “ఇంకొంచెం బాబూ” అంటూ నిలబడే మనిషి. ఆ లంక వదిలి రాదు. ఆటలో మీరు ఏం చెప్పినా రాదు. బతిమాలినా, భయపెట్టినా, ఊళ్ళోవాళ్ళందర్నీ తీసుకెళ్ళి ముందు నిలబెట్టినా సరే, “నువ్వెళ్ళు బాబూ, పొయ్యి మీద పాలున్నాయి” అంటుంది. పంటు కదిలాక వెనక్కి తిరిగి చూస్తే, ఆవిడ అరుగు మీద దీపం చిన్నదై చిన్నదై కనుమరుగైపోతుంది. ఆడినవాళ్ళు ఆవిణ్ణి కదిలించడానికి చెయ్యని ప్రయత్నం లేదు. ఎక్కడో రహస్యం దాచి ఉంటారని నెలల తరబడి వెతికారు. రహస్యం లేదు. ఆవిడ రాదు, అంతే. నా జీవితంలో నేను రాసిన వాటిలో నాకు గర్వమున్నది ఆ ఒక్క “రాదు” మీదే.

అలాంటి రోజుల్లో ఈ పిల్ల వచ్చింది. ఆటలో తప్పులు వెతికే ఉద్యోగానికి. “మా ఆట ఆడారా? ఏమైనా తప్పులు కనిపించాయా?” అని డేనియల్ అడిగితే, ఈవిడ డేనియల్‌ని వదిలేసి నా వైపు తిరిగి, “పాపాయమ్మ గారు ఎప్పుడు తింటుందండి?” అంది.

“ఆటలో ఆవిడ తినాల్సిన అవసరం రాదమ్మా” అన్నాను.

“అవసరం రాదా అండి?” అంది. అంతే. 

డేనియల్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఉద్యోగం ఇచ్చాం. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మామిడికుదురులో ఉన్న మా మేనత్తకి ఫోన్ చేశాను, పాపాయమ్మకి చాలావరకు మూలం ఆవిడే కాబట్టి. “అత్తా, ఇంటికొచ్చినవాళ్ళందరికీ పెట్టేదానివి కదా, నువ్వెప్పుడు తినేదానివే?” అని అడిగాను.  “ఏమోనే, తినే ఉంటాను. తినకపోతే ఇన్నేళ్ళు బతుకుతానేంటి?” అంది. (నవ్వులు) మీరు నవ్వారు. నేనూ అప్పుడు నవ్వాను. ఫోన్ పెట్టేశాక, సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిపినదాన్ని, అత్త కూర్చుని తింటుండగా చూసిన ఒక్క పూటైనా గుర్తు తెచ్చుకుందామని ప్రయత్నించాను. గుర్తు రాలేదు.

రెండో భాగం మొదట నాకే ఇచ్చారు. ఇది చాలామందికి తెలియదు. భాస్కరం గారు తన మర్యాద కొద్దీ ఎక్కడా చెప్పలేదు, నేను నా పరువు కొద్దీ చెప్పలేదు. కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ వరద వస్తుంది, కుర్రాడు మళ్ళీ పంటు వేసుకుని వస్తాడు, ఇంతవరకు బాగానే రాశాను. ఏడో లంక రేవులో దిగి, మొదటి వరదని తట్టుకుని అక్కడే ఉండిపోయిన పాపాయమ్మ ఇంటి ముందు నిలబడ్డాడు. అక్కడ ఆగిపోయాడు. వారాలు ఆగాడు, నెలలు ఆగాడు. లోపలికెళితే ఆవిడ అన్నం పెడుతుంది, నేను రానంటుంది, అది మొదటి ఆటే కదా. భాస్కరం గారు ఒకరోజు కాఫీ తెప్పించి, కప్పు నా ముందుకి జరిపి, “మధులత గారూ, ఉమాశ్రీని ఒకసారి ప్రయత్నించనిద్దామా అండి?” అన్నారు. ఆ ‘అండి’లో ఎంత గౌరవం ఉందంటే, కాదనడానికి నాకు దారి దొరకలేదు. చూశారా, వద్దు అనడం నాకు అక్కడా చేతకాలేదు.



రెండు ఆటలనీ పోల్చి చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. పోలుస్తాను. మొదటి ఆటలో పంటు నిండేదాకా రేవులో నిలబడాల్సిందే, నరసాపురం రేవులో మనమందరం నిలబడినట్టే. రెండోదాంట్లో మ్యాపు మీద వేలు పెడితే ఏ రేవుకైనా చేరిపోతారు. మొదటిదాంట్లో ఆడినంతవరకు ఆట దాచుకోవాలంటే, అదే సేవ్ చేసుకోవాలంటే, ఎవరో ఒకరి ఇంట్లో నిద్రపోవాలి. రెండోదాంట్లో ఎక్కడ పడితే అక్కడ, ఏటి మధ్యలో అయినా దాచుకోవచ్చు. ఎక్కడైనా దాచుకోగలిగితే ఇక వరదంటే భయం ఎక్కడుంటుంది అని మీటింగులో గట్టిగా అడిగాను. ఆ వెసులుబాటుని ఇంట్లో నేనే అందరికంటే ఎక్కువ వాడుకున్నాను. (నవ్వులు) మొదటిదాంట్లో ఏడు లంకలూ ఒకే ఆకుపచ్చ. రెండోదాంట్లో వీరవేణి ఏ లంకకి ఆ లంక ఆకుపచ్చ వేరుగా వేసింది. అరటి వేరు, కొబ్బరి వేరు, రెల్లు వేరు. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను. ఒప్పుకోవడం కష్టం కూడా కాదు. పనితనం పెరిగిందని మెచ్చుకోవడానికి పెద్ద మనసు అక్కర్లేదు.

పెద్ద మనసు కావలసింది ఇంకో చోట. ఒక మధ్యాహ్నం ఉమాశ్రీ నా టేబుల్ దగ్గరికి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది.

“మేడం, పాపాయమ్మ గారు విస్తరి వేసినప్పుడు ఇక్కడ ఒకటి పెట్టాను. ‘వద్దండి, ముందు మీరు తినండి’ అని. చూస్తారా?”

“అది ఎవరూ నొక్కరమ్మా.”

“నొక్కకపోతే నొక్కరండి. ఉంటుంది కదా.”

ఆ తర్వాత ఏమవుతుందో చూపించబోయింది. చూపించలేకపోయింది, ఎందుకంటే పాపాయమ్మకి కూర్చునే బొమ్మే లేదు. మొదటి ఆటలో నిలబడడం ఉంది, వంగి వడ్డించడం ఉంది, గుమ్మం దాకా వచ్చి సాగనంపడం ఉంది. కూర్చోవడం ఎవరమూ గీయలేదు. నేను రాయలేదు, వీరవేణి గీయలేదు, భాస్కరం గారు అడగలేదు, పూణే వాళ్ళు కూడా పట్టుకోలేదు. వీరవేణి ఆ వారమంతా కష్టపడి ఆవిణ్ణి కూర్చోబెట్టింది.

ఆటలో ఆ చోట ఏం జరుగుతుందో మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ళకి చెబుతాను. వద్దండి, ముందు మీరు తినండి అంటే, పాపాయమ్మ వడ్డించబోతూ ఆగుతుంది. గరిటె పట్టుకుని నిలబడుతుంది. చాలాసేపు. ఆట ఆగిపోయిందేమో అనుకునేంతసేపు. తర్వాత ఆ విస్తరి ముందే, కుర్రాడి కోసం వేసిన విస్తరి ముందే కూర్చుని, తనకి తనే వడ్డించుకుని తింటుంది. నిదానంగా, ముద్ద ముద్దకీ ఆగి. పెరుగన్నం దాకా తింటుంది. లేచి చెయ్యి కడుక్కుంటుంది, గిన్నెలు బోర్లించి, పొయ్యి ఆర్పి, తలుపు గొళ్ళెం పెట్టి, “పద బాబూ” అంటుంది. పంటు ఎక్కుతుంది.

కుర్రాడు ఆమెను ఒప్పించలేదు. ఎవరూ ఒప్పించలేదు. ఒక పూట కూర్చుని తిన్నది, లేచి వచ్చింది.

మంచినీళ్ళు ఇస్తారా?

నాకు అసూయ కలిగింది. శాలువా కప్పే సభలో ఈ మాట వాడకూడదని తెలుసు. నాగేశ్వరి గారూ, మీ అమ్మాయిని పొగడడానికి నాకు ఇంతకంటే నిజమైన మాట దొరకలేదు, ఏమీ అనుకోకండి. జనం మెచ్చుకున్నందుకు కాదు, అదీ కొంత ఉందనుకోండి. మొన్న రాజమండ్రి బస్టాండులో ఒక అమ్మాయి నా సంచి మీద ఆట బొమ్మ చూసి పరిగెత్తుకొచ్చింది. “రెండోది రాసింది మీరేనాండి?” అంది. కాదమ్మా, మొదటిది అన్నాను. “ఓ… అది కూడా బాగుందండి” అంది. బస్సు కోటిపల్లి బస్టాండు దాటేదాకా ఆ “కూడా” నా పక్క సీట్లోనే కూర్చుంది. (నవ్వులు) కానీ అసలు బాధ అది కాదు. పాపాయమ్మ నా దగ్గర అన్నేళ్ళు ఉంది. ఆవిడ మాటలన్నీ నేనే రాశాను. ఆ లంక మీద ఆవిడకి విసుగు వచ్చిందనీ, ఎవరైనా ఒక్కసారి “మీరు తినండి” అంటే లేచి వచ్చేస్తుందనీ నాకు ఒక్కనాడూ చెప్పలేదు. నిన్న గాక మొన్న వచ్చిన పిల్లకి చెప్పింది.

ఇందాక చంద్రరావు గారు తమ ప్రసంగంలో ఒక మంచి మాట అన్నారు. మొక్కలమ్మిన డబ్బు మా మొదటి ఆటలో పెట్టిన ధైర్యవంతులు ఆయన. అంటు మొక్కకి వేరు ఒకదానిది, పండు ఒకదానిది, రెండూ కలిస్తేనే కాపు అన్నారు. ఇద్దర్నీ సమానంగా గౌరవించాలనే అన్నారు, నాకు తెలుసు. కూర్చున్నాక నేను ఆయన చెవిలో అడిగాను, “వేరు మొక్క పేరు ఎవరైనా అడుగుతారా అండి?” అని. ఆయన అబద్ధం చెప్పలేదు. “కొనేవాళ్ళు అడగరమ్మా. అంటు కట్టేవాళ్ళం మాత్రం చూసుకుంటాం” అన్నారు. చెప్పినందుకు థాంక్సండి. రాత్రికి నిద్రపట్టదు, అంతే. (నవ్వులు)

నేను నాకు చెప్పుకునే సమాధానం ఒకటుంది. మొదటి ఆటలో ఆవిడ అంత మొండిగా కూర్చోకపోతే, కాదు, అంత మొండిగా నిలబడకపోతే, రెండో ఆటలో ఆవిడ పంటు ఎక్కినప్పుడు ఎవరికైనా ఏడుపొచ్చేదా? నేను వేసిన గొళ్ళేన్నే కదా ఆ పిల్ల తీసింది? ఇలా ఆలోచిస్తే కాసేపు హాయిగా ఉంటుంది. తర్వాత నా మీద నాకే అనుమానం వస్తుంది. అసూయపడేవాళ్ళందరూ పునాదుల గురించే మాట్లాడతారు. పైగా నేను వేసిన గొళ్ళెం నిజంగా తెలిసి వేసినదేనా? ‘వద్దు’ అన్న మాట నాకు తట్టక, తలుపు లేని గోడ కట్టి, దానికి గొప్పతనమని పేరు పెట్టుకున్నానా? ఆ దీపం చూసి ఏడ్చామని రాసినవాళ్ళ ఉత్తరాలు అబద్ధం కావు. రెండోదాంట్లో ఆవిడ పంటు ఎక్కితే ఏడ్చామన్నవాళ్ళవీ అబద్ధం కావు. ఏ కన్నీళ్ళు ఎక్కువ తూగుతాయో చెప్పే త్రాసు ఎక్కడ అమ్ముతారో నాకు తెలియదు.

ఇప్పుడు మీకందరికీ తెలిసిన కబురు. ఉమాశ్రీ బెంగళూరులో పెద్ద కంపెనీకి వెళ్తోంది. ఇక్కడికంటే పెద్ద ఆటలు రాస్తుంది, రాయాలి. మూడో భాగం భాస్కరం గారు మళ్ళీ నా చేతిలో పెట్టారు. ఈ మాట విన్న రోజున నాకు ఎంత సంతోషం కలిగిందో, ఆ సంతోషం చూసి నాకే ఎంత సిగ్గేసిందో, రెండూ మీరు ఊహించుకోండి. కొత్త భాగం మొదటి దృశ్యంలోనే ఒక సంగతి తేలాలి: పాపాయమ్మ గట్టు మీద ఉందా, లంకలోనే ఉందా? విస్తరి ముందు కూర్చుని తినేసినవాళ్ళకి ఆవిడ లంకలో ఉండిపోయింది, వద్దన్నవాళ్ళకి గట్టెక్కింది. “రెండు దారులూ రాయడానికి మన దగ్గర మనుషులు లేరండి, ఏదో ఒకటే నిజమని పెట్టుకోండి, సభలోనే చెప్పేస్తే అందరికీ సంబరంగా ఉంటుంది” అన్నారు భాస్కరం గారు. అంటే ఉమాశ్రీ రాసిన ఆ దృశ్యం అసలు జరగలేదని ఒక్క వాక్యంతో చెరిపేసే అధికారం ఇప్పుడు నాది.

మొన్న సామాను సర్దుకుంటున్న ఉమాశ్రీని సూటిగానే అడిగాను. “ఏం చెయ్యమంటావు?” అని.

“మీ ఇష్టమండి మేడం. ఆవిడ మీ మనిషి” అంది.

“కోపం రాదా?”

“వస్తుందండి” అంది. (నవ్వులు) ఆ నవ్వు మొహంతోనే అంది, ఇదిగో ఇలాగే. అట్టపెట్టెకి టేపు అంటిస్తూ, “మీరు నా ఆట పూర్తిగా ఆడారా అండి?” అని అడిగింది. ఆడానన్నాను. “నొక్కారా?” అంది.

జవాబు చెప్పలేదు. ఇక్కడ చెబుతాను. ఉమా, నీ ఆట మూడుసార్లు పూర్తి చేశాను. మూడుసార్లూ పాపాయమ్మ విస్తరి వేసింది, మూడుసార్లూ నేను కూర్చుని తిన్నాను. ఆవిడ పంటు ఎక్కడం నేను ఇంతవరకు ఇతరులు ఆడిన వీడియోల్లోనే చూశాను. వేలు ఆ మాట మీదికి వెళుతుంది, అక్కడే ఆగుతుంది. అది నా పెంపకమో, నా పంతమో నాకే తెలియడం లేదు.

భోజనాలు సిద్ధమయ్యాయని తలుపు దగ్గర నుంచి డేనియల్ సైగ చేస్తున్నాడు. నన్ను పిలిచి, ఇంతసేపు భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఉమాశ్రీ, నీకు మంచి జరగాలి. ఈ మాట అసూయతో అన్నా నిజమే. నాగేశ్వరి గారూ, ఇవాళ మీరు వడ్డన వైపు వెళ్ళకండి. మీ అమ్మాయి పక్కన కూర్చోండి.

భాస్కరం గారూ, సభలో చెప్పమన్న మాట చెప్పలేకపోతున్నాను. నా ఆట మంచిదో, ఆమె ఆట మంచిదో నాకు తేలలేదు. పాపాయమ్మ గట్టు మీద ఉందో, లంకలోనే ఉందో తేలలేదు. ఆవిణ్ణి లంకలో ఉంచాలని నాకున్న కోరిక ఆవిడ కోసమా, నా కోసమా అన్నది అసలే తేలలేదు. అది తేలేదాకా మొదటి దృశ్యం రాయను. ఇంతమాత్రం చెప్పి కూర్చుంటాను.

సెలవు.